ఊదా రంగు జాగ

బోయపల్లి గేటు అవతల
ఐదెకరాల పదకొండు గుంటల జాగ
మాస్టర్ ప్లాన్ల ఊదా రంగుల ఉంటది.
ఊదా అంటే పరిశ్రమ.
నారింజ అంటే మిశ్రమ వినియోగం:
కింద దుకాణాలు, నడుమ ఆఫీసులు, మీద కాపురాలు.
ఆ రంగుకెల్లి ఈ రంగుకు
నా పని ఒక్క క్లిక్కు.

ఇదివరకు గిట్ల గాదు.
నేను నౌకర్ల చేరిన కొత్తల
ట్రేసింగ్ బట్ట మీద కుంచెతోటి రంగు నింపేటోళ్లం.
నీలంల ఎరుపు కలపాలె.
ఎరుపు ఎక్కువైతే రేగుపండు,
తక్కువైతే దెబ్బకు కమిలిన తోలు.
ఆ జాగకు రంగేసినంక
మూడు దినాలు గోర్ల సందుల ఉన్నదది.
మా అమ్మ చూసి నవ్వింది:
"నాకు పొట్టు, నీకు రంగు.
ఆ మిల్లు మనింట్ల ఎవ్వర్నీ ఇడిసిపెట్టదురా!"

పల్లికాయ మిల్లు అది.
ఇరవై రెండేండ్లు జల్లెడ పట్టింది అమ్మ.
పొద్దుగూకి కొప్పు ఇప్పి దులిపితే
వాకిట్ల ఎర్రపొరలు రాలేవి,
కోడిపిల్లలు ఉరికొచ్చేవి.
రాత్రంత దగ్గేది.
ఆ దగ్గుకు మేం పెట్టుకున్న పేరు
రెండో షిఫ్టు.

నోటీసు పడ్డది. అభ్యంతరాలకు పదిహేను రోజులు.
మోరీ సరిపోదని ఒకాయన,
తన దవాఖాన ముంగట బండ్లు ఆగుతయని ఒక డాక్టరు.
పదమూడో నాడు కావలి ఆశన్న వొచ్చిండు.
మిల్లుల హమాలీ.
ఎడమ భుజం కుడి భుజం కన్న రెండేళ్లు దిగి ఉంటది.
దరఖాస్తు మనుమరాలి చేతిరాత:

"సార్, మిల్లు బందు పెట్టిన నెలల
నాకు పద్నాలుగు రోజుల కూలి రావాలె.
బాలకిష్టమ్మకు పదకొండు.
ఖాజాబీకి పూర నెల, ఆమె ఇప్పుడు లేదు.
గేటు బుక్కుల రాసున్నయి.
జాగ రంగు మారుస్తున్నరని ఇన్నం.
ఆ రోజులు ఏ రంగు కిందికొస్తయో చెప్పగలరు."

ఏడో కాలంల టైపు జేసిన:
భూ వినియోగ మార్పిడికి సంబంధం లేదు.
రూలు అదే. అబద్ధం రాయలే నేను.
అయినా "లేదు" పక్కన
కర్సర్ చానసేపు కొట్టుకున్నది.

తనిఖీకి పోయినప్పుడు
మట్టి పరీక్షకు బోరు దించిన్రు.
నాలుగడుగుల దాక నల్లగ, జిడ్డుగ వొచ్చింది.
"పునాదికి పనికిరాదు, తవ్వి పారబోయాలె"
అన్నడు బిల్డరు ఇంజినీరు.
పిలవకున్నా వొచ్చిన ఆశన్న
చిటికెడు తీసి వాసన చూసిండు.
"డబల్ ఫిల్టర్" అన్నడు, మా దిక్కు చూడకుంట.
అప్పటికే చీమలు బారు గట్టినయి.

ఇంజినీరు నా చేతుల రంగుల పుస్తకం పెట్టిండు.
బతుకు, పని, ఆట అన్నీ ఒక్క కాడనే అని ఉన్నది అట్ట మీద.
ఆ రేకుల షెడ్డు కిందనే
గోనెసంచి ఊయలల నేను పండుకున్న.
ఖాజాబీ చిట్టీ పాట అక్కడనే.
నల్లా కాడ కొట్లాటలు, గోదాంల పెండ్లి మాటలు,
బాయిలర్ ఎన్కల బాలకిష్టమ్మ కాన్పు,
ఆ పిల్లగాన్ని ఇప్పటికీ బాయిలర్ అనే పిలుస్తరు.
ఏ ప్లాన్ల ఎక్కని వినియోగం.
మంచిగున్నదని అంటలేను.
అమ్మ ఊపిరితిత్తులు అక్కడనే ఆరిపోయినయి.

అయిదున్నరకు క్లిక్కు కొట్టిన.
నారింజ నిండుకున్నది.
ఉత్తరం అంచుకు సన్నటి ఊదా గీత ఒకటి మిగిలింది.
హద్దులు సరిగ కలవకుంటే అట్లయితది,
పెద్దగ జేసి చూస్తెనే కనవడతది.
సరిజేయాలె. రేపు చూద్దామని లేచిన.

మెట్లు దిగుతుంటె యాదికొచ్చింది,
ఆ గేటు బుక్కు ఎవరి కాడున్నదో
ఆశన్నను అడగనే లేదు.